నవమి నాటి కల్లు

పండగంటే ఏ తాగుడు గుర్తొస్తుందని మాటొస్తే
అందరూ నా వంకే చూస్తారు,
కల్లుపాకలో పెరిగినదాన్ని కదా.
పానకం అంటాను.
నమ్మరు.

అమ్మమ్మ పాకకి బోర్డు ఉండేది కాదు.
కౌశిక గట్టు దిగితే ముందు ఈగలు,
తర్వాత పులిసిన వాసన,
తర్వాత నిప్పుల మీద ఎండు మెత్తళ్ల చిటపటలు.
అంతే, వచ్చేసినట్టే.
తాటాకు కప్పు, నడుమెత్తు మట్టిగోడ,
కూర్చోడానికి కొబ్బరి దుంగలు రెండు.
అందులో ఒకటి దొర్లుతుంది.
కొత్తవాళ్లని దాని మీదే కూర్చోబెట్టేవారు.

పొద్దుటి కల్లు తీపి, మధ్యాహ్నానిది పులుపు,
సాయంత్రానిది పొగరు, అనేది అమ్మమ్మ.
పొగరు వేళకే జనం.
ఒలుపు గునపం గోడకి ఆనించి ఏసుబాబు,
లుంగీ అంచు ఇంకా తడిగానే పంటు సత్తిరాజు,
సన్నాయి గంగరాజు, గుక్క పడితేనే
ఊపిరి నిలుస్తుందని అతని లెక్క.
సరిహద్దు గట్టు మీది చెట్టు కోసం
ఆరేళ్లుగా మాటల్లేని అన్నదమ్ములు
చిట్టియ్య, బుల్లియ్య,
చోటు చాలక వీపుకి వీపు ఆనించుకుని.

నవమి నాడు మాత్రం కల్యాణం అయ్యేదాకా
పాకకి తడిక దించే ఉండేది.
అది అమ్మమ్మ పెట్టుకున్న నియమం, ఎవరూ చెప్పింది కాదు.

ఆ ఏడు ముందు రాత్రి గాలివాన.
మధ్యాహ్నానికి గీత అబ్బులు మామ
మోకు భుజాన వేసుకుని వచ్చాడు,
లొట్లు ఒక్కొక్కటే వంచి చూపించాడు.
"నీళ్లక్కా. అన్నీ వాన నీళ్లే.
మాను జారతంది, మళ్లీ ఎక్కలేను."

అప్పటికే గట్టు మీద జనం కనపడుతున్నారు.
పందిట్లో పొద్దుట్నించీ వాయించి
పెదాలు వాచిన గంగరాజు అందరికంటే ముందు.

అమ్మమ్మ ఏమీ అనలేదు.
బిందె నా చంకనెత్తి, "పందిట్లో మిగిలింది పోయించుకురా" అంది.

తడిసిన తాటాకుల కింద పందిరంతా
బెల్లం, మిరియం, యాలకులు, తొక్కిన అరటిపండు వాసన.
"ఎవరికే ఇంత?" అన్నాడు గంగాళం దగ్గర పెద్దాయన.
"పాకకండి" అన్నాను.
గరిటె గాల్లో ఆగింది.
దూరంగా ఎవరో వడపప్పు కోసం కేకేస్తున్నారు.
తర్వాత గంగాళాన్నే ఎత్తి
అడుగున పేరుకున్న మిరియాలతో సహా వంచేశాడు.

అవే ఆకుదొన్నెలు. అదే వంగడం.
అమ్మమ్మ అందరికీ పోసింది,
నురగ లేదని ఎవరూ అడగలేదు.
గంగరాజు ఒక గుక్క మింగి
కళ్లు చిన్నవి చేసి చాలాసేపు కాలవ వైపు చూశాడు.
"ఇయ్యాల ఘాటుగా ఉందండాయ్" అన్నాడు.
"పోతుతాడిది" అన్నాడు సత్తిరాజు, తొణక్కుండా.
మెత్తళ్లు మాత్రం ఎవరూ ముట్టలేదు.

రెండో దొన్నెకి ఏసుబాబు గొంతెత్తాడు.
మూడోదానికి సత్తిరాజు,
గోదారి ఎండిపోయినా పంటు మానను అని ఒట్టేసి
లేవబోయి కూలబడ్డాడు.
నిజంగానే తూలాడు, నేను చూశాను.

వెనక్కి తిరక్కుండానే చిట్టియ్య అన్నాడు,
"ఆ కాయలేవో నువ్వే దింపుకోరా."
"తాగి అంటన్నావు" అన్నాడు బుల్లియ్య.
"తాగే అంటన్నాను."
ఇద్దరి వీపులూ కదలడం చూసి
ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు.

దీపం ఆర్పేదాకా ఒక్కడూ ఆ మాట ఎత్తలేదు.
నేను బిందె అడుగున వేలు పెట్టి
మిగిలింది నాకేశాను,
నాలిక చివర మిరియం, ఆ వెనకెక్కడో కర్పూరం.

తెల్లారి ఒలుపుకి పోతూ ఏసుబాబు
తడిక దగ్గర ఆగి చిల్లర చాపాడు,
"నిన్నటివి నాలుగు దొన్నెలు, బాకీ."
అమ్మమ్మ లొట్టి కడుగుతూ తలెత్తలేదు.
"నిన్న పాక తియ్యలేదు కదరా" అంది.